అమ్మినవాడే విప్పాలి

పడవలు, వాటి వెనక పలకకు బయటినుంచి తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్లు అమ్మే దుకాణంలో పెరిగానని చెప్పగానే వినేవాళ్ళ మనసులో ఒక బొమ్మ తయారవుతుంది. వరసగా కొత్త పడవలు, స్టాండ్లకు బిగించిన మెరిసే మోటార్లు, వాటి మధ్య తిరిగే పిల్ల. అదీ ఉంది, కాదనను. కానీ మా దుకాణం బతికింది ఆ ముందు గది వల్ల కాదు, వెనక షెడ్డు వల్ల. తాతయ్య మొదలుపెట్టిన దుకాణాన్ని నాన్న, బాబాయి కలిసి నడిపారు. నాన్న ముందు గదిలో అమ్మేవారు, బాబాయి వెనక షెడ్డులో విప్పేవాడు. రెంటికీ మధ్య ఉన్న విడిభాగాల కౌంటర్ అమ్మది. దుకాణం మూసేసి చాలా కాలమైంది. ఈ వ్యాసం మాత్రం జ్ఞాపకాల కోసమే రాయడం లేదు. మోటారు అమ్మిన చెయ్యే దాన్ని విప్పే చెయ్యి కూడా అయి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకు నమ్ముతున్నానో చెప్పాలంటే ఆ షెడ్డులోకి తీసుకెళ్ళక తప్పదు.

షెడ్డు మధ్యలో ఒక పెద్ద ఇనుప తొట్టి. దాని అంచుకు మందపాటి చెక్క పలక బిగించి ఉండేది. మరమ్మతుకొచ్చిన చిన్న మోటార్లను ఆ పలకకు తగిలించి, కింది భాగం నీళ్ళలో మునిగేలా పెట్టి స్టార్ట్ చేసేవాళ్ళు. పొగ, పెట్రోలు, కాలిన నూనె, తడిసిన చెక్క, అన్నీ కలిసిన వాసన బట్టలకు పట్టేది. మోటారు అందుకోగానే బాబాయి చూసేది ఒక్కటే. వెనకవైపు చిన్న రంధ్రంలోంచి సన్నటి నీటి ధార వస్తోందా లేదా? రాకపోతే వెంటనే ఆపేసేవాడు. శబ్దం ఎంత బాగున్నా సరే.

ఆ ధార వెనక పెద్ద కథే ఉంది. ఔట్‌బోర్డ్ మోటార్లలో ఎక్కువ భాగానికి కారుకున్నట్టు రేడియేటర్ ఉండదు. పడవ తేలే నీటినే తోడుకుని, ఇంజను చుట్టూ తిప్పి, వేడిని తీసుకుని మళ్ళీ బయటికి వదులుతాయి. తోడే పని, ప్రొపెల్లర్‌ను తిప్పే పళ్ళచక్రాలుండే గేర్ కేసు పైన, నిలువు షాఫ్టుకు తగిలించిన చిన్న రబ్బరు చక్రానిది. దాన్ని ఇంపెల్లర్ అంటారు. దాని రబ్బరు రెక్కలు రాసుకుపోకుండా కాపాడేది కూడా ఆ నీరే. నీళ్ళు లేకుండా కొన్ని సెకన్లు తిప్పినా రెక్కలు దెబ్బతింటాయి. ఒడ్డున పెట్టి ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామనుకున్నవాళ్ళు మా షెడ్డుకు ఎక్కువగా తెచ్చిన రిపేరు అదే.

కొత్త ఇంపెల్లర్ వేయడం కష్టమైన పనేం కాదు. పుస్తకం చూసి ఎవరైనా చేయొచ్చు. బాబాయి పని అక్కడితో అయ్యేది కాదు. పాత ఇంపెల్లర్‌ను బల్ల మీద గుడ్డపరిచి దాని మీద పెట్టి, విరిగిన రెక్కల ముక్కలను పక్కన చేర్చి చూసేవాడు. ఒక ముక్క తగ్గినా వదిలేవాడు కాదు. ఆ ముక్క నీటి దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. కొత్త ఇంపెల్లర్ బాగానే తోడుతుంది, తొట్టిలో ధార బాగానే వస్తుంది. నిండు లోడుతో నీళ్ళ మధ్యకు వెళ్ళాక ఆ ముక్క దారి మూసేస్తే ఒక సిలిండరు మాత్రం కాలిపోతుంది. ముక్క దొరికేదాకా వెతకడానికి అర పూట పట్టొచ్చు. ఆ అర పూటను బిల్లులో రాయడం కుదరదు, రాస్తే కస్టమరు నమ్మడు. అయినా వెతికేవాడు, ఎందుకంటే ఆ సిలిండరు కాలితే మోటారు తిరిగి వచ్చేది ఇదే షెడ్డుకు, నిలదీసేది ముందు గదిలో కూర్చున్న తన అన్నయ్యను, అంటే మా నాన్నను.

గేర్ ఆయిల్ సంగతీ అంతే. కింది స్క్రూ తీయగానే నూనె ముదురు రంగులో జారితే మంచిదే. తెల్లగా, చిక్కగా వస్తే లోపలికి నీళ్ళు వెళ్ళాయని అర్థం. చాలాసార్లు కారణం చేపల గాలపు దారం. ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు చుట్టుకుని, సన్నటి నైలాన్ దారం లోపలికి నీళ్ళు రాకుండా ఆపే సీలును కోసేస్తుంది. నూనె మార్చి పంపేస్తే నెల తిరక్కుండా మళ్ళీ తెల్లగా అవుతుంది. ప్రొపెల్లర్ ఊడదీసి, దారం తీసి, సీలు మార్చి, గేర్ కేసులో గాలి ఒత్తిడి పెట్టి నిలుస్తోందో లేదో చూసి పంపాలి. ఈ రెండు పనుల మధ్య తేడా బయటికి కనబడదు. కొన్నవాడికి తెలియదు, తెలుసుకునే అవకాశమూ లేదు. కొన్నవాడు చూడలేని చోట మంచి పని ఎందుకు జరగాలి? వ్యాపారం గురించి నాకున్న ప్రశ్నల్లో ఇదే అన్నిటికంటే పెద్దది.

మనిషి మంచివాడైతే జరుగుతుందని సులువుగా చెప్పేయొచ్చు. నాకు ఆ జవాబు చాలదు. మా నాన్న మంచివారే, కానీ మా దుకాణంలో పని నిజాయితీగా జరగడానికి ఆయన మంచితనం ఒక్కటే కారణం కాదు. తప్పు చేస్తే దాని నష్టం మా గడపకే తిరిగొచ్చే ఏర్పాటు ఉండేది. అసలు కారణం అది.

ఆ ఏర్పాటు అమ్మకాన్ని ఎలా మార్చేదో చెబుతాను. ఎవరైనా మోటారు కావాలని వస్తే నాన్న ముందు మోటారు చూపించేవారు కాదు. ఏ నీళ్ళలో తిప్పుతారు, ఎంతమంది ఎక్కుతారు, ఎంత బరువు వేస్తారు, పడవ ఎక్కడ కట్టేస్తారు అని అడిగేవారు. తర్వాత పడవ వెనక పలక, అంటే మోటారు తగిలించే ట్రాన్సమ్ ఎత్తు. మోటార్ల షాఫ్టులు సాధారణంగా 15, 20, 25 అంగుళాల ట్రాన్సమ్‌లకు సరిపడేలా వస్తాయి. ఎత్తు పలకకు పొట్టి షాఫ్టు మోటారు పెడితే ప్రొపెల్లర్ గాలి పీలుస్తుంది, ఇంజను ఊరికే అరుస్తుంది, పంపుకు నీళ్ళు సరిగా అందవు. పొట్టి పలకకు పొడవు షాఫ్టు పెడితే మోటారు కింది భాగం లోతుకు దిగి వేగాన్ని లాగేస్తుంది, లోతు తక్కువ నీళ్ళలో నేలకు కొట్టుకుంటుంది. ప్రొపెల్లర్ పైనుండే చదునైన రెక్క పడవ అడుగుతో ఇంచుమించు ఒకే మట్టంలో ఉండాలి. ఒక మోటారు స్టాకులో లేకపోతే, ఉన్నదాన్ని అంటగట్టడం ఎంత తేలికో! కొన్నవాడికి ఆ తేడా తెలిసేసరికి సీజను సగం గడిచిపోతుంది.

ప్రొపెల్లర్ విషయంలో నాన్న పట్టుదల ఇంకా ఎక్కువ. ప్రొపెల్లర్ మీద రెండు కొలతలు ఉంటాయి, వ్యాసం ఒకటి, పిచ్ ఒకటి. జారుడు లేదనుకుంటే ఒక పూర్తి చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో చెప్పేది పిచ్. ప్రతి మోటారుకూ పూర్తి థ్రాటిల్‌లో ఇన్ని ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఇన్ని చుట్ల నుంచి ఇన్ని ఆర్‌పీఎం లోపల తిరగాలని కంపెనీయే చెబుతుంది. చాలా మోటార్లకు అది 5,000కూ 6,000కూ మధ్య. మామూలు లోడు వేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, చుట్లు లెక్కపెట్టే టాకోమీటర్ చూడాలి. ఆ హద్దుకు తక్కువ తిరుగుతుంటే పిచ్ ఎక్కువైనట్టు, ఇంజను మోయలేని బరువు లాగుతోంది. హద్దు దాటితే పిచ్ తక్కువైనట్టు. అంగుళం పిచ్ మారితే సుమారుగా 150 నుంచి 200 ఆర్‌పీఎం మారుతుంది. ఇదంతా షోరూంలో తేలదు. పడవ నీళ్ళలోకి దించి, కొన్న మనిషిని, అతని సామాను ఎక్కించి, రెండు మూడు ప్రొపెల్లర్లు వెంట పెట్టుకుని వెళ్ళి మార్చి మార్చి చూడాలి. నాన్న వెళ్ళేవారు. పిచ్ ఎక్కువైన మోటారు మొదటి ఏడాది చక్కగానే నడుస్తుంది, లోపల మసి పేరుకుంటూ, పిస్టన్లు వేడెక్కుతూ ఉంటాయి. దెబ్బ బయటపడేది వారంటీ అయిపోయాకే కావచ్చు. అమ్మి చేతులు దులుపుకునేవాడికి ఆ దెబ్బతో పని లేదు. అదే మోటారును తన తమ్ముడు విప్పాల్సి వస్తుందని తెలిసినవాడు మాత్రం ఒక మధ్యాహ్నం నీళ్ళ మీద గడపడానికి వెనకాడడు.

ఇంకొకటి. ఎన్నో పడవల మీద ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ వరకు వేయొచ్చో రాసిన చిన్న పలక ఉంటుంది. అంతకు మించిన మోటారు కావాలని పట్టుబట్టేవాళ్ళు, ముఖ్యంగా కుర్రాళ్ళు, తరచూ వచ్చేవారు. నాన్న ఇచ్చేవారు కాదు. పక్కన ఇంకో దుకాణంలో ఇస్తారని తెలిసినా ఇచ్చేవారు కాదు. వేగంలో మలుపు తిప్పినప్పుడు మనిషి నీళ్ళలో పడితే పడవ ఆగకుండా గుండ్రంగా తిరిగి అతని మీదికే రావచ్చు. అందుకే నడిపే మనిషికి తగిలించే స్టాప్ స్విచ్ తాడు. పాత మోటార్లకు అది లేకపోతే బాబాయి సర్వీసుకొచ్చినప్పుడు వేయించుకోమని వెంటపడేవాడు.

ఇదంతా మా ఒక్క ఇంటి గొప్ప అనుకోకండి. ఈ పరిశ్రమ పుట్టుకలోనే ఇది ఉంది. నార్వేలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన ఓలె ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో ఔట్‌బోర్డ్ మోటార్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అతనికి ముందే కామెరాన్ వాటర్‌మన్ లాంటివాళ్ళు ఇలాంటి మోటార్లు చేశారు, కానీ వ్యాపారంగా నిలబెట్టింది ఎవిన్‌రూడ్. ఒకటిన్నర హార్స్‌పవర్, సుమారు 28 కిలోల బరువు. ఓలె చేతిలో పనితనం ఉంది, లెక్కలు, ఉత్తరాలు, ప్రకటనలు అతని వల్ల కాలేదు. అవన్నీ చూసింది భార్య బెస్. ఇక తెడ్లు వేయక్కర్లేదు, అవతల పారేయండి అని జనానికి చెప్పిన ఆ మొదటి ప్రకటన రాసింది ఆమే. ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నందుకు ఓలె 1914లో కంపెనీలో తన వాటా అమ్మేసి, కొంతకాలం ఔట్‌బోర్డ్ మోటార్లు చేయనని ఒప్పుకుని వ్యాపారం వదిలేశాడు. గడువు తీరాక 1920ల మొదట్లో అల్యూమినియం ఎక్కువగా వాడిన తేలికైన రెండు సిలిండర్ల మోటారుతో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆ రోజుల్లోనే జాన్సన్ అన్నదమ్ములు సుమారు 16 కిలోల మోటారు తెచ్చి అందరినీ తొందరపెట్టారు. బెస్ 1933లో, ఓలె 1934లో పోయాక వాళ్ళబ్బాయి రాల్ఫ్ పగ్గాలు అందుకున్నాడు. ఇవాళ కార్పొరేట్ సంగతిగా కనిపించే ఈ రంగం మొగుడు షెడ్డులో, పెళ్ళాం లెక్కల బల్ల దగ్గర, కొడుకు వెనకే నిలబడ్డ ఇంటి వ్యాపారంగానే మొదలైంది.

మెర్క్యురీ అనే మోటార్ల కంపెనీ పుట్టుక నాకు ఇంకా ఇష్టం. 1939లో కార్ల్ కీక్‌హేఫర్ విస్కాన్సిన్ రాష్ట్రంలోని సీడర్‌బర్గ్‌లో మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ కొన్నాడు. అతనికి కావలసింది వేరే సామాన్ల తయారీ. ఫ్యాక్టరీలో మాత్రం కొన్న కంపెనీ సరిగా పనిచేయడం లేదని తిప్పిపంపిన ఔట్‌బోర్డ్ మోటార్లు సుమారు 300 పడి ఉన్నాయి. డబ్బు అవసరమై వాటిని విప్పి, లోపాలు సరిచేసి, వద్దన్న కంపెనీకే తిరిగి అమ్మాడు. వాళ్ళు ఇంకా కావాలన్నారు. అలా మొదలైంది మెర్క్యురీ. ఒకరు పాడుగా చేసిన మోటారును విప్పి చూసిన అనుభవమే అతని మొదటి పెట్టుబడి. అమ్మకానికీ మరమ్మతుకూ మధ్య గోడ కట్టేవాళ్ళకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

బెస్ గురించి చదివినప్పుడల్లా నాకు అమ్మ గుర్తొస్తుంది. అమ్మ కౌంటర్ వెనక కార్డుల పెట్టెలు ఉండేవి. మేం అమ్మిన ప్రతి మోటారుకూ ఒక కార్డు. మోడల్, సీరియల్ నంబరు, అమ్మిన తేదీ, వేసిన ప్రొపెల్లర్ కొలతలు, ఉప్పునీళ్ళా మంచినీళ్ళా, ఏ సర్వీసులో ఏం మార్చారు, తర్వాత ఎవరికి అమ్ముకున్నారు. సీరియల్ నంబరు ఎందుకంత ముఖ్యమో ఈ పని చేసినవాళ్ళకు తెలుసు. మోడల్ పేరు అదే ఉంటుంది, గుర్రాల బలం అదే ఉంటుంది, ఏదో ఒక నంబరు దగ్గర్నుంచి కంపెనీ పంపు మారుస్తుంది, కార్బ్యురేటర్ మారుస్తుంది. పాత పార్ట్ నంబరు పోయి కొత్త నంబరు వస్తుంది, మళ్ళీ అదీ మారుతుంది. పుస్తకంలో చూస్తే దొరుకుతుంది, కానీ అమ్మకు చూడనక్కర్లేదు. ఎవరో పగిలిన వాటర్ పంపు మూత ఒకటి చేతిలో పట్టుకుని వస్తే, దాన్ని తిప్పి చూసి, "ఇది మీ మోటారుది కాదు తమ్ముడూ, ఎవరో వేరేది వేశారు" అనేది. కార్డు తీసి చూపించేది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కుటుంబ దుకాణాలను పొగుడుతూ రాసే వ్యాసాలు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. మా లెక్కల పుస్తకంలో సాయంగా ఉన్న మెకానిక్‌కు జీతం ఉండేది, నాన్నకూ బాబాయికీ వాటా ఉండేది, అమ్మ పేరున ఒక్క వరస కూడా ఉండేది కాదు. ఆ పుస్తకం రాసింది అమ్మే. మా సర్వీసు చవకగా, నమ్మకంగా ఉండేదని జనం ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఆ చవకలో ఒక భాగం అమ్మకు ఇవ్వని జీతం. సీజనులో పొద్దు పోయేదాకా కౌంటర్‌లో నిలబడి, ఇంటికి వచ్చి వంట చేసి, రాత్రి కార్డులు రాసేది. అలసిపోయిందని ఆమె అనలేదు కాబట్టి అలసట లేదని మేమంతా అనుకున్నాం. కాబట్టి కుటుంబ దుకాణాలు ఉండాలని నేను అన్నప్పుడు, ఇంటివాళ్ళ చేత ఊరికే చేయించుకునే పద్ధతి ఉండాలని అనడం లేదు. కార్డులు రాయడం ఒక ఉద్యోగం. దానికి జీతం లెక్కేసి బిల్లులో కలిపితే సర్వీసు ధర పెరుగుతుంది, పెరగనివ్వండి. ఆ ధర అప్పుడే ఉండాల్సింది.

మార్పు ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. చాలామంది పాత మెకానిక్‌లు కాలుష్య నియమాలను తిడతారు. నేను తిట్టను. కార్బ్యురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ మోటారులో కొత్త ఇంధనం సిలిండర్‌లోకి వచ్చే సమయానికి ఎగ్జాస్ట్ దారి ఇంకా తెరిచే ఉంటుంది. పోసిన పెట్రోలులో నాలుగో వంతు దాకా కాలకుండానే నీళ్ళలోకి పోయేది. మా తొట్టి మీద తేలే రంగురంగుల తెట్టు చిన్నప్పుడు అందంగా అనిపించేది. అది చేపలు బతికే నీళ్ళ మీద కూడా తేలుతుందని పెద్దయ్యాక అర్థమైంది. 1996లో అమెరికా పర్యావరణ సంస్థ ఔట్‌బోర్డ్‌ల పొగ మీద నియమాలు తెచ్చింది, తర్వాత ఇతర దేశాలూ అదే దారి పట్టాయి. ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్‌లను హోండా 1964 నుంచే చేస్తోంది. మిగతా కంపెనీలు కూడా అటు మళ్ళాయి, లేదా టూ స్ట్రోక్‌కే కంప్యూటర్ పెట్టి ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతికి మారాయి. నీళ్ళు బాగుపడ్డాయి, శబ్దం తగ్గింది, పెట్రోలు మిగిలింది. ఇందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా ఫిర్యాదు ఆ మార్పుతో పాటు నడిచొచ్చిన ఇంకో మార్పు మీద. జాన్సన్, ఎవిన్‌రూడ్ రెండూ చేసే ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ కొత్త ఇంధన పద్ధతిలో మొదట్లో చాలా ఇబ్బందులు పడి, 2000 డిసెంబరులో దివాలా తీసింది. బొంబార్డియర్ 2001లో ఆ మోటార్ల వ్యాపారాన్ని కొంది. ఆ తర్వాత దాన్ని నడిపిన బీఆర్‌పీ 2020 మే నెలలో ఎవిన్‌రూడ్ తయారీని ఆపేసింది. ఓలె, బెస్ మొదలుపెట్టిన పేరు 111 ఏళ్ళకు ఆగిపోయింది. ఇవి వార్తల్లో వచ్చిన సంగతులు. వార్తల్లో రానిది దుకాణం గడప దగ్గర జరుగుతుంది. తయారీ కంపెనీ దివాలా తీస్తే, మోటారు కొన్నవాడు దివాలా కోర్టుకు వెళ్ళడు. కొన్న దుకాణానికి వస్తాడు. "నువ్వు చెబితేనే కదా అన్నా కొన్నాను" అంటాడు. ఆ మాటకు జవాబు చెప్పాల్సిన మనిషి, తయారీలో ఏ నిర్ణయమూ తన చేతుల్లో లేని మనిషి.

మాకు డీలర్‌షిప్ ఇచ్చిన కంపెనీ దివాలా తీయలేదు. అది పెద్దదవుతూ పోయింది. ఏడాదికి ఇన్ని మోటార్లు కొనాలన్నారు. సీజనుకు ఎంతో ముందే ఆర్డరు పెట్టాలన్నారు. పడవలు తయారుచేసే కంపెనీలే మోటారు బిగించి ఒకటిగా పంపడం మొదలైంది, దాంతో ఏ పడవకు ఏ మోటారు సరిపోతుందో నిర్ణయించే పని మా చేతుల్లోంచి పోయింది. ఈ వ్యాపారంలో షోరూంలో నిలబడ్డ పడవలు చాలావరకు అప్పు మీద తెచ్చినవే. అమ్ముడయ్యేదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఒక్క సీజను వానలతోనో మాంద్యంతోనో చెడితే, అమ్ముడుపోని పడవలు ముందు గదిలో మెరుస్తూనే దుకాణాన్ని మింగేస్తాయి. నాన్నకు ఆ రోజుల్లో నిద్ర ఉండేది కాదు. టెన్షన్ ఇంట్లో అందరికీ పాకింది. చివరికి షోరూం పెద్దది చేయమన్నారు. స్థలం కావాలంటే వెనక షెడ్డు తగ్గించాలి. నాన్న, బాబాయి కూర్చుని మాట్లాడుకున్నారు, కుదరదని రాశారు. ఒప్పందం గడువు తీరాక కంపెనీ దాన్ని పొడిగించలేదు. చట్ట ప్రకారం వాళ్ళు చేసింది తప్పు కాదు. అయినా అది అన్యాయమనే నేను అంటాను.

డీలర్‌షిప్ పోతే కొత్త మోటార్లు అమ్మలేం, అంతే కదా అనుకున్నాం. అసలు దెబ్బ వేరే చోట తగిలింది. కొత్త మోటార్లలో ఇంజను కంప్యూటర్ ఏ సెన్సార్ ఏం చెబుతోందో, ఎన్ని గంటలు ఏ వేగంలో తిరిగిందో, ఎప్పుడు వేడెక్కిందో అన్నీ దాచుకుంటుంది. ఆ వివరాలు తీయాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్, దానికి సరిపోయే కేబుల్ కావాలి. అవి సాధారణంగా డీలర్లకే ఇస్తారు. బాబాయి దగ్గర చెవులున్నాయి, చేతులున్నాయి, నలభై రకాల మోటార్ల అనుభవం ఉంది. కేబుల్ లేదు. తనే అమ్మిన మోటారు వెనక్కి వస్తే, అది ఏమంటోందో వినే దారి ఆయనకు మూసేశారు.

దీనికి రెండు అభ్యంతరాలు చెబుతారు. ఈ రోజుల్లో మోటార్లు అంతగా చెడిపోవు, పాత రోజుల్లో లాగా ప్రతి వీధికీ మెకానిక్ అక్కర్లేదు అంటారు. మొదటి సగం నిజం. మంచి ఫోర్ స్ట్రోక్ మోటారు పాతవాటికంటే ఎన్నో రెట్లు నమ్మకమైనది. కానీ ఇంపెల్లర్ ఇప్పటికీ రబ్బరే. గాలపు దారం ఇప్పటికీ సీలును కోస్తుంది. ఉప్పునీళ్ళలో అల్యూమినియం ఇప్పటికీ తినేసుకుపోతుంది, దాన్ని కాపాడడానికి బిగించిన జింక్ ముక్కలు ఇప్పటికీ అరిగిపోతాయి, మార్చకపోతే తర్వాత అరిగేది గేర్ కేసే. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే తేమ పీల్చి, నీళ్ళూ ఇథనాలూ అడుగున విడిపోయి, ఇంధన పంపును పాడుచేస్తుంది. సన్నటి ఇంజెక్టర్లున్న కొత్త మోటార్లకు చెత్త పెట్రోలు పాతవాటికంటే ఎక్కువ హాని చేస్తుంది. తప్పు ప్రొపెల్లర్ ఎంత గొప్ప ఇంజనునైనా అరగదీస్తుంది. చెడిపోవడం తగ్గింది కాబట్టి విప్పేవాళ్ళు తగ్గారు, విప్పేవాళ్ళు తగ్గారు కాబట్టి చెడిపోయినప్పుడు వరస పెరిగింది. సీజను నడిమధ్యలో మోటారును వారాల తరబడి వరసలో పెట్టుకున్నవాళ్ళకు, అందులోనూ దాని మీదే తిండి తినేవాళ్ళకు, సగటు లెక్కలతో పని లేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. కుటుంబ దుకాణాలన్నీ మీ దుకాణంలాంటివి కావు, మోసం చేసినవీ, పాత పార్టు వేసి కొత్తదని బిల్లు రాసినవీ చాలా ఉన్నాయి అంటారు. ఒప్పుకుంటాను. అలాంటివి నేనూ చూశాను. అందుకే కుటుంబం అనే మాట మీద నా వాదన నిలబెట్టడం లేదు. పెద్ద కంపెనీ దుకాణమైనా, నలుగురు మెకానిక్‌లు కలిసి పెట్టుకున్న సంఘమైనా నాకు అభ్యంతరం లేదు. అమ్మకం, బిగింపు, నీటి మీద పరీక్ష, సర్వీసు, రికార్డు ఒకే గడపలో ఉన్నాయా లేదా అన్నదే చూస్తాను. అవి ఒక చోట ఉన్నప్పుడు అమ్మేవాడు రేపటి రిపేరును ఇవాళే లెక్కలో వేసుకుంటాడు. మంచివాడైతే సంతోషంగా వేసుకుంటాడు, కానివాడు తన నష్టం తప్పించుకోవడానికైనా వేసుకుంటాడు. విడగొట్టినప్పుడు ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేసినట్టే కాగితాలు చెబుతాయి. కొన్నవాడి మోటారు మాత్రం ఆగిపోయి ఉంటుంది.

వారంటీ పని సంగతి కూడా చెప్పాలి, బయటివాళ్ళకు తెలియదు కాబట్టి. వారంటీలో చేసిన పనికి కంపెనీ డీలర్‌కు గంటల లెక్కన చెల్లిస్తుంది. ఆ పనికి ఎన్ని గంటలు పడుతుందో ముందే నిర్ణయించేదీ కంపెనీయే. ఉప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టు విరగకుండా తీయడానికి పట్టే సమయం ఆ పట్టికలో ఉండదు. మిగతా గంటలు దుకాణం నెత్తిన. చిన్న దుకాణాలు సర్వీసు వదిలి అమ్మకం వైపే మొగ్గడానికి ఇదొక పెద్ద కారణం. మెకానిక్ కొరత గురించి బాధపడే కంపెనీలు ముందు ఈ పట్టికలు సరిచేయాలి.

నేను అడిగేవి ఇవే. పరీక్ష రాసి అర్హత తెచ్చుకున్న ఏ మెకానిక్‌కైనా, డీలర్ కాకపోయినా, లోపాలు చదివే సాఫ్ట్‌వేర్ న్యాయమైన ధరకు అమ్మాలి. తయారీ ఆపేసిన మోటార్ల పార్టులు ఎన్నేళ్ళ వరకు దొరుకుతాయో అమ్మేటప్పుడే కాగితం మీద రాసివ్వాలి. వారంటీ గంటలు నిజమైన చేతులతో, నిజంగా తుప్పు పట్టిన మోటారు మీద కొలిచి నిర్ణయించాలి. పడవ కొనేవాళ్ళు ధర అడగకముందే వెనక షెడ్డు చూపించమని అడగాలి. పరీక్ష తొట్టి ఉందా, గేర్ కేసు ఒత్తిడి చూసే పంపు ఉందా, నీళ్ళ మీదికి వచ్చి ప్రొపెల్లర్ సరిచూసే మనిషి ఎవరు, మీ మోటారు సీరియల్ నంబరుతో రికార్డు ఎవరు రాస్తారు, అది రాసేవాళ్ళకు జీతం ఇస్తున్నారా.

దుకాణం మూసినప్పుడు అమ్మ కార్డులన్నీ తీసి, ఎవరి మోటారుది వాళ్ళకు ఇచ్చేసింది. పాత మోటార్లున్నవాళ్ళు ఇప్పటికీ ఆ కార్డు పట్టుకుని బాబాయి దగ్గరికి వస్తారు, ఆయన చూసి పెడతాడు, కార్డు కింద తేదీ వేసి ఒక వరస రాస్తాడు. కొత్త మోటారు తెచ్చినవాళ్ళను మాత్రం వెనక్కి పంపుతున్నాడు, కేబుల్ లేక. అందుకే ఈ వ్యాసం చివరనున్న కోరికలను ఉత్తరంగా రాసి మోటార్ల కంపెనీలకు పంపుతున్నాను. మీకూ పడవ ఉంటే, మీ మోటారు తయారుచేసిన కంపెనీకి మీరూ రాయండి. మొదటి వాక్యంలో మీ మోటారు సీరియల్ నంబరు రాయండి.